విశాఖలో కొమ్మాది నుంచి గాజువాక దాకా హైవే రద్దీ: పైవంతెనలు కడితే తీరుతుందా?

కొమ్మాది_ప్రయాణికుడు

తొమ్మిదేళ్ళుగా కొమ్మాది నుంచి గాజువాక ఆటోనగర్‌కు రోజూ బండి మీద వెళ్ళి వస్తున్నాను. దూరం పాతిక కిలోమీటర్ల పైమాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో యాభై నిమిషాల్లో చేరుకునేవాణ్ణి. ఇప్పుడు ఉదయం గంటన్నర పడుతోంది, సాయంత్రం ఎంత పడుతుందో ఇంట్లో చెప్పడం మానేశాను.

నిన్న సాయంత్రం మద్దిలపాలెం దగ్గర సిగ్నల్ నాలుగుసార్లు పచ్చగా వెలిగినా నేను గీత దాటలేకపోయాను. ముందు సిమెంటు బస్తాల లారీ, కుడి పక్కన కాలేజీ బస్సు ఉన్నాయి. ఆ రెండింటి మధ్య సందులోకి దూరిన ఆటో అద్దం నా మోచేతిని గీసుకుంటూ పోయింది. వెనక అంబులెన్సు కూత పెడుతూనే ఉంది. పక్కకు జరగాలన్న మనసు అందరికీ ఉంది కానీ జరగడానికి జానెడు చోటు లేదు.

మెట్రోతో కలిపి రెండంతస్తుల పైవంతెనలు కట్టాలన్న ప్రతిపాదన గురించి మీరంతా చదివే ఉంటారు. మధురవాడ నుంచి తాటిచెట్లపాలెం దాకా సుమారు 15 కిలోమీటర్లు, గాజువాక నుంచి స్టీల్‌ప్లాంట్ దాకా సుమారు 4 కిలోమీటర్లు, కింద రోడ్డు, దాని మీద వంతెన, ఆ పైన మెట్రో అని చెబుతున్నారు. అది వస్తే నా కష్టం తీరుతుందా, లేక కట్టినన్నాళ్ళు ఒక కష్టం, కట్టాక మరో కష్టం పడాలా అన్నదే నా ప్రశ్న. తెలిసినవారు వివరంగా రాయగలరు.

కంచరపాలెం_పాతకాపు

తప్పకుండా తీరుతుంది. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు కూడలిలో వంతెన రాకముందు ఒక్క చుట్టు తిరగడానికి అరగంట పట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు విమానాశ్రయం వైపు వెళ్ళేవాళ్ళు అక్కడ ఆగాల్సిన పనే లేదు. ఒక్క కూడలిలో కడితేనే ఇంత మేలు జరిగినప్పుడు, దారి పొడవునా కడితే ఇంకెంత మేలు జరుగుతుందో ఆలోచించండి.

లారీ_చక్రం

నాకు రెండు లారీలున్నాయి, అందులో ఒకటి నేనే నడుపుతాను. రద్దీ అనగానే అందరి వేలు మా వైపే చూపిస్తుంది కాబట్టి మా సంగతి కూడా వినండి.

కోల్‌కతా, చెన్నైల మధ్య నడిచే బండికి విశాఖ ఊళ్ళోకి రావాలన్న కోరిక ఏమీ లేదు. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరుసల బైపాస్ వచ్చాక, ఊరితో పనిలేని బండ్లలో చాలా భాగం ఆ దారినే పోతున్నాయి. మిగిలింది పోర్టు సరుకు. కాన్వెంట్ జంక్షన్ దగ్గర మొదలయ్యే పోర్టు రోడ్డు మమ్మల్ని శీలానగర్ దగ్గర జాతీయ రహదారి మీద వదిలేస్తుంది. అక్కడి నుంచి దక్షిణానికి వెళ్ళాలన్నా, బైపాస్ ఎక్కాలన్నా ఊరి జనంతో కలిసి నడవడం తప్ప గతి లేదు. బొగ్గు నింపుకున్న టిప్పరు వెనక స్కూలు ఆటో, దాని వెనక కంటైనరు, ఆ వెనక మీ బండి! ఈ వరుస ఎవరూ కోరుకున్నది కాదు.

శీలానగర్ నుంచి సబ్బవరం దాకా సుమారు 13 కిలోమీటర్ల ఆరు వరుసల రోడ్డు పూర్తయితే పోర్టు బండి నేరుగా బైపాస్ మీదికి పోతుంది. అన్నిటికంటే ముందు పూర్తి కావలసినది ఆ ముక్కే అని నా నమ్మకం. వంతెనల మాట ఆ తరువాత.

గాజువాక_నర్సమ్మ

లారీ_చక్రం గారూ, గాజువాక ఆటోనగర్‌లో మరమ్మతు కోసం వచ్చే లారీలు సర్వీసు రోడ్డు మీదే వరుసగా నిలిచి ఉంటాయి కదా, వాటి మాటేమిటి? నేను ఎక్కే 38 నంబరు బస్సు ఆ లారీల వల్లే స్టాపులోకి రాలేక రోడ్డు మధ్యలో ఆగుతుంది. నడిరోడ్డు మీదికి పరిగెత్తి ఎక్కాల్సి వస్తోంది.

లారీ_చక్రం

నర్సమ్మ గారూ, మీరన్నది నిజం, కాదనను. షెడ్డు లోపల చోటు దొరికేదాకా బండిని ఎక్కడ పెట్టాలో మాకు ఎవరూ చూపించలేదు. లారీలు నిలుపుకోవడానికి ఊరి బయట ఒక విశాలమైన స్థలం, అందులో నీళ్ళు, మరుగుదొడ్డి, భోజనం ఉంటే సర్వీసు రోడ్డు మీద పడుకోవాలన్న సరదా ఏ డ్రైవరుకూ ఉండదు. పగటిపూట భారీ వాహనాలు ఊళ్ళోకి రాకూడదన్న ఆంక్ష ఉన్నచోట కూడా ఇదే చిక్కు. ఆగమంటారు గానీ ఎక్కడ ఆగాలో చెప్పరు.

రోడ్డు_కొలత

నేను రహదారుల డిజైన్ పనిలో ఉన్నాను. ఈ దారిని చాలాసార్లు కొలిచాను. మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంతలో సమాధానం రాస్తాను, కొంచెం పొడవవుతుంది.

విశాఖ నైసర్గిక స్వరూపాన్ని ముందు గుర్తుపెట్టుకోవాలి. ఒక పక్క సముద్రం, మరో పక్క సింహాచలం కొండలు. ఆ రెండింటి నడుమ ఊరు పొడవుగా సాగింది. ఉత్తరం నుంచి దక్షిణానికి తెగకుండా సాగే పెద్ద దారి ఇదొక్కటే. అందుకని 16వ నంబరు జాతీయ రహదారి మూడు పనులు ఒకేసారి చేస్తోంది. దూరప్రాంత వాహనాలను దాటిస్తుంది, పోర్టుకూ కర్మాగారాలకూ సరుకు చేరుస్తుంది, పాలప్యాకెట్టు కోసం వెళ్ళే మనిషినీ మోస్తుంది. ఈ మూడింటి వేగం వేరు, అవసరం వేరు. వాటిని విడదీయకుండా రోడ్డును ఎంత వెడల్పు చేసినా అవి మళ్ళీ కలిసే చోటే చిక్కుపడతాయి.

రెండో సంగతి కూడలిది. ఎక్కడా ఆగకుండా సాగే రోడ్డు మీద ఒక వరుసలో గంటకు సుమారు 2,000 కార్లు పోగలవు. అదే వరుసకు సిగ్నల్ దగ్గర సగం సమయమే పచ్చదీపం దొరికితే ఆ సంఖ్య 1,000 లోపుకు పడిపోతుంది. అంటే రోడ్డు సామర్థ్యాన్ని నిర్ణయించేది మధ్యలో ఉన్న వెడల్పు కాదు, కూడలి. హనుమంతవాకకూ మద్దిలపాలేనికీ మధ్య ఇంకో వరుస కలిపితే సిగ్నల్ దగ్గర నిలబడే బారు వెడల్పవుతుంది గానీ దాటేవాళ్ళు పెరగరు.

పాతకాపు గారు చెప్పిన ఎన్‌ఏడీ వంతెన మంచి పనే, నేనూ ఒప్పుకుంటాను. అక్కడ నాలుగు పెద్ద దారులు కలుస్తాయి కాబట్టి వాటిని వేరువేరు ఎత్తుల్లో దాటించడం అవసరమైంది. కానీ అక్కడ ఆగకుండా వచ్చిన వాహనాలన్నీ తరువాతి సిగ్నల్‌కు గుంపుగా చేరుతాయి. ఒక్కో కూడలిని విడిగా బాగుచేస్తూ పోతే బారు మాయం కాదు, ముందుకు జరుగుతుంది, అంతే.

కంచరపాలెం_పాతకాపు

మీరే నా వాదాన్ని బలపరిచారు కదా! ఒక్కొక్కటిగా కడితే బారు ముందుకు జరుగుతుందంటున్నారు. అందుకేగా 15 కిలోమీటర్లూ ఒకేసారి కట్టమంటున్నది.

రోడ్డు_కొలత

పైకి ఎక్కినవాళ్ళు ఎక్కడో ఒకచోట దిగాలి కదండీ. మధురవాడలో ఎక్కి తాటిచెట్లపాలెంలో దిగేవాడికి వంతెన బాగా ఉపయోగపడుతుంది. మద్దిలపాలెంలో పని ఉన్నవాడు కిందే నడవాలి, లేదా అక్కడ దిగే ర్యాంపు కావాలి. ర్యాంపు దిగే చోట కింది రోడ్డులో ఒక వరుస పోతుంది, దిగినవాళ్ళు మళ్ళీ అదే సిగ్నల్‌లో నిలబడతారు. ఊరి ప్రయాణాల్లో ఎక్కువ భాగం నాలుగైదు కూడళ్ళ దూరానివే కాబట్టి, ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతారో లెక్క తీయకుండా వంతెన వల్ల ఇంత లాభమని చెప్పలేం.

కేటీ_తెలుగు

నేను అమెరికాలో హ్యూస్టన్ పడమటి శివారు కేటీలో ఉంటున్నాను. పుట్టింది సీతమ్మధారలో. మా దారి కథ చెబితే ఈ చర్చకు పనికొస్తుందనిపించింది.

హ్యూస్టన్ నడిబొడ్డు నుంచి మా వైపు వచ్చే 10వ నంబరు ఫ్రీవేను 2008 నాటికి దాదాపు 280 కోట్ల డాలర్లు ఖర్చుచేసి వెడల్పు చేశారు. పక్క రోడ్లతో కలిపి లెక్కిస్తే ఒకచోట 26 వరుసలు ఉంటాయి. మొదటి రెండు మూడేళ్ళు నిజంగానే హాయిగా ఉండేదట. 2011 నుంచి 2014 మధ్య చూస్తే మాత్రం రద్దీ వేళ ప్రయాణ సమయం ఉదయం సుమారు 30 శాతం, సాయంత్రం సుమారు 55 శాతం పెరిగింది.

ఎందుకు పెరిగిందో చెప్పడానికి నా కథే సరిపోతుంది. రోడ్డు బాగుందని, అరగంటలో ఊళ్ళోకి చేరొచ్చని, శివారులో ఇల్లు చవకని ఇక్కడ కొన్నాను. నాలాగే వేలమంది కొన్నారు. రోడ్డు ఇచ్చిన సమయాన్ని మేమంతా దూరంగా మార్చుకున్నాం.

కొమ్మాది_ప్రయాణికుడు

కేటీ_తెలుగు గారి మాట చదివి కాసేపు ఆలోచనలో పడ్డాను. నేను కొమ్మాదిలో ఫ్లాట్ కొన్నది కూడా హైవే ఆరు వరుసలుగా ఉంది, ఎంతసేపట్లో వెళ్ళిపోతాంలే అన్న ధైర్యంతోనే. గాజువాకలో అద్దెకు ఉన్నప్పుడు షెడ్డుకు నడిచి వెళ్ళేవాణ్ణి. పిల్లల చదువు, సొంత ఇల్లు అనుకుని ఇటు వచ్చాం. మా అపార్టుమెంటులో సగం మంది కథ ఇదే.

గణితం_మాస్టారు

పదవీ విరమణ చేసిన లెక్కల అధ్యాపకుణ్ణి. కేటీ_తెలుగు గారు అనుభవంగా చెప్పినదాన్ని డురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలతో 2011లో చూపించారు. నగరంలో పెద్ద రహదారుల పొడవు ఎంత శాతం పెరిగితే, వాటి మీద వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతోందని వారు తేల్చారు. ఆంథొనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే ఇలాంటి మాట చెప్పాడు.

ఇంకొక ముచ్చట కూడా చెప్పాలి. ఏ అడ్డూ లేకుండానే జామ్ ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి జపాన్ శాస్త్రవేత్తలు 230 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. ఆ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. సిగ్నల్ లేదు, గుంట లేదు, పశువు అడ్డం రాలేదు. అయినా కాసేపటికి ఒకరు కొద్దిగా బ్రేకు వేయడం, వెనకవారు మరికొంచెం గట్టిగా వేయడం, చివరికి ఎవరో ఒకరు పూర్తిగా ఆగిపోవడం జరిగింది. ఆ ఆగుడు అలలాగా వెనక్కి ప్రయాణించింది. రామకృష్ణా బీచ్‌లో ఒడ్డుకు వచ్చే అలను చూసినట్టే, జామ్‌ను కూడా కదిలే వస్తువుగా చూడాలి. యండాడ దిగుడులో మీరు ఎందుకు ఆగారో కారణం కనబడకపోతే, ఆ కారణం అయిదు నిమిషాల క్రితం ముందెక్కడో పుట్టి మీ దాకా నడిచి వచ్చిందన్నమాట.

పెందుర్తి_కుర్రాడు

మాస్టారు గారి అల పోలిక మా తమ్ముడికి చదివి వినిపించాను, వాడికి వెంటనే అర్థమైంది.

అసలు బస్సుల మాట ఎవరూ ఎత్తలేదేమిటి? మన ఊళ్ళోనే బీఆర్‌టీఎస్ పేరుతో, అంటే బస్సులు ఆగకుండా వేగంగా పోవడానికని, రెండు దారులు కట్టారు. ఎన్‌ఏడీ, గోపాలపట్నం, వేపగుంట మీదుగా మా పెందుర్తికి ఒకటి. హనుమంతవాక నుంచి ఆరిలోవ, అడవివరం మీదుగా సింహాచలం వైపు మరొకటి. మధ్య వరుసలు బస్సులకే అన్నారు. ఈ రోజు ఆ మధ్య వరుసల్లో కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు అన్నీ నడుస్తున్నాయి. స్టాపుల్లో పోస్టర్లు అంటించారు. సింహాచలం దారిలో భూసేకరణ చిక్కులతో కొంత భాగం ఏళ్ళ తరబడి ఆగిపోయింది.

బెంజిసర్కిల్_పక్కిల్లు

విజయవాడలోనూ ఇదే తంతు. సత్యనారాయణపురం వైపు బీఆర్‌టీఎస్ రోడ్డు అన్న పేరు మిగిలింది, బస్సులకంటూ ప్రత్యేకంగా ఏమీ మిగలలేదు.

వంతెనల గురించి మా అనుభవం ఇది. బెంజిసర్కిల్ దగ్గర మొదటి వంతెన 2020లో, రెండోది 2022లో వచ్చాయి. చెన్నై, కోల్‌కతా వైపు పోయేవాళ్ళు పైనుంచి హాయిగా పోతున్నారు. కింద బందరు రోడ్డు దాటేవాళ్ళ కష్టం మాత్రం అలాగే ఉంది. ఊరికి నిజమైన ఊరట ఇవ్వవలసింది చిన్న అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి చినకాకాని చేరే పడమటి బైపాస్. లారీ_చక్రం గారు శీలానగర్ గురించి చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది.

ఉప్పల్_వాసి

కట్టినన్నాళ్ళు పడే కష్టం గురించి మొదటి టపాలో అడిగారు కాబట్టి మా సంగతి రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి ఆపారు, మళ్ళీ కదిపారు, మళ్ళీ ఆపారు. స్తంభాలు లేచి నిలబడ్డాయి, వాటి మధ్య గుంటల్లో నీళ్ళు నిలిచాయి. మా నాన్నగారిని డయాలసిస్‌కు వారానికి రెండుసార్లు ఆ దారిలోనే తీసుకువెళ్ళాను. వానాకాలంలో ఆటో గుంటలో పడ్డ ప్రతిసారీ ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు. దుకాణాలవాళ్ళు బేరాలు లేక ఖాళీచేశారు. మీరు వంతెన అడిగేటప్పుడు, పని సాగినన్నాళ్ళు కింద నడవడానికి గుంటలు లేని సర్వీసు రోడ్డు ముందుగా వేసి చూపించమని కూడా అడగండి. ఆ షరతు లేకుండా ఒప్పుకోవద్దు.

కంచరపాలెం_పాతకాపు

ఉప్పల్_వాసి గారూ, మీ నాన్నగారి సంగతి చదివి బాధ కలిగింది. సర్వీసు రోడ్డు షరతుకు నేనూ ఓటు వేస్తాను. అయితే బస్సుల మార్గం మనకు సరిపడదన్నది నా అభిప్రాయం. ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు వేసి, చివరికి పీకేశారు కదా.

రోడ్డు_కొలత

ఢిల్లీలో పీకేసిన మాట నిజం. 2009లో మొదలైన అహ్మదాబాద్ బస్సుల మార్గం జన్‌మార్గ్ నిలబడిన మాట కూడా నిజమే. ఢిల్లీలో వేసింది ఒక చిన్న ముక్క. ఆ మార్గంలోకి అన్ని రకాల బస్సులూ వచ్చాయి, సిగ్నళ్ళ దగ్గర కార్లవారి ఓపిక నశించింది. అహ్మదాబాద్‌లో జాలంలాగా విస్తరించారు, బస్సు గడప ఎత్తుకు సమానమైన అరుగులు కట్టారు, టికెట్టు ముందే తీసుకునే ఏర్పాటు చేశారు.

ఒక చిన్న లెక్క వేయండి. సిగ్నళ్ళున్న దారిలో ఒక వరుసకు గంటకు 900 కార్లు, కారుకు సగటున ఒకటిన్నర మనిషి అనుకుంటే 1,350 మంది. అదే వరుసలో నిమిషానికి ఒక బస్సు, బస్సుకు 50 మంది చొప్పున నడిపితే 3,000 మంది. వరుసలో ఇంకా చోటు మిగిలే ఉంటుంది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా రోడ్డును వాహనాలకు కాకుండా మనుషులకు పంచాలనే చెప్పింది.

గాజువాక_నర్సమ్మ

లెక్క బాగుంది. నిమిషానికి ఒక బస్సు ఎక్కడుందండీ? రాత్రి డ్యూటీ దిగి ఉదయం ఏడున్నరకు నేను స్టాపులో నిలబడితే, ఒక్కోసారి ఇరవై నిమిషాలు ఒక్క బస్సూ రాదు, ఆ తరువాత మూడు కలిసి వస్తాయి. మొదటి బస్సులో కాలు పెట్టే చోటుండదు, మూడోది ఖాళీగా ఉంటుంది. ఆగస్టు 2025లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక మా వార్డులో పనిచేసే ఆయమ్మలకు నెలకు మిగిలే డబ్బు చిన్నదేమీ కాదు, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను. కానీ ఎక్కేవాళ్ళు పెరిగినంతగా బస్సులు పెరగాలి. బస్సు ఎప్పుడొస్తుందో తెలియకపోతే రేపు ఆ ఆయమ్మ కొడుకు వాయిదాల మీద బండి కొంటాడు. ఆ బండి కూడా ఈ హైవే మీదికే వస్తుంది.

గణితం_మాస్టారు

నర్సమ్మ గారూ, మూడు బస్సులు కలిసి రావడం కూడా అల వంటిదే. మొదటి బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే స్టాపులో జనం పెరుగుతారు, వాళ్ళు ఎక్కడానికి మరింత ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు జనం తగ్గి అది ముందరిదాన్ని అందుకుంటుంది. మీ అనుభవం గణితానికి సరిగ్గా సరిపోయింది.

యండాడ_పాదచారి

ఆటోలను ఊరి హైవే మీదికి రానీయకపోతే సగం గొడవ తగ్గుతుందని నా అభిప్రాయం. ఎక్కడ చెయ్యి ఊపితే అక్కడ ఆగుతారు.

పెందుర్తి_కుర్రాడు

యండాడ_పాదచారి గారూ, మా నాన్న షేర్ ఆటో నడుపుతారు. బస్సు రాని ఇరవై నిమిషాల్లో నర్సమ్మ గారి లాంటివాళ్ళను ఇంటికి చేర్చేది ఆయనే. చెయ్యి ఊపినచోట ఆగకపోతే వెనక ఆటో ఎక్కించుకుంటుంది, ఆ పూట డీజిలు డబ్బులు రావు. ఆగడానికి ఒక చోటు గీసి ఇచ్చి, అక్కడ వంతుల వారీగా ఎక్కించుకోమంటే ఆయన సంతోషిస్తారు. తరిమేస్తే మాత్రం ఆయన ప్రయాణికులు ఎక్కడికి పోతారో కూడా మీరే చెప్పాలి.

యండాడ_పాదచారి

మీ నాన్నగారిని నొప్పించే ఉద్దేశం నాకు లేదు. తరిమేయడం కంటే చోటు చూపించడం మంచిదన్న మాటను ఒప్పుకుంటున్నాను.

నా బాధ రోడ్డు దాటడం. మా అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. మందుల దుకాణం ఎదురుగానే కనబడుతుంది, కానీ అది ఆరు వరుసలకు అవతల ఉంది. మెట్ల వంతెన ఎక్కలేదు, లిఫ్టు ఉన్నచోట పనిచేయదు. అందుకని డివైడరులో ఎవరో రాళ్ళు తొలగించిన సందులోంచి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చెయ్యి అడ్డంపెట్టి దాటుతుంది. ఆమెను చూసి బస్సు డ్రైవరు బ్రేకు వేస్తాడు. మాస్టారు గారు చెప్పిన అల అక్కడే పుడుతుంది. కాలినడకవాళ్ళకు ఇరవై సెకన్ల పచ్చదీపం ఇస్తే ఆమె ప్రాణానికీ మంచిది, మీ ప్రయాణానికీ మంచిది.

సింగపూర్_ప్రవాసి

ఇక్కడ 1975 నుంచే రద్దీ వేళ ఊరి నడిబొడ్డుకు వచ్చే వాహనాల దగ్గర డబ్బు తీసుకుంటున్నారు. 1998 నుంచి ఆ వసూలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో, వేళను బట్టి మారే రుసుముతో జరుగుతోంది. స్టాక్‌హోమ్‌లో 2006లో ఏడు నెలలు ప్రయోగం చేస్తే రద్దీ సుమారు 20 శాతం తగ్గింది. మనకు ఫాస్టాగ్ ఎలాగూ ఉంది.

గాజువాక_నర్సమ్మ

సింగపూర్‌లో డబ్బు కట్టలేనివాడికి రైలు ఉంది. మన దగ్గర ముందు ఆ రెండో దారి చూపించి, తరువాత డబ్బు అడగడం న్యాయం.

కేటీ_తెలుగు

నర్సమ్మ గారి మాట సరైనది. మా 26 వరుసల రోడ్డులో కూడా ఈనాటికీ వేగంగా కదిలేది నడిమి వరుసలే. అక్కడ వేళను బట్టి రుసుము ఉంటుంది, రద్దీ వేళల్లో కనీసం ఇద్దరు కలిసి వెళ్ళే కార్లకు రుసుము ఉండదు, శివారు పార్కింగు స్థలాల నుంచి బయలుదేరే బస్సులు కూడా ఆ వరుసల్లోనే పోతాయి. అయిదేళ్ళుగా నేను ఆ బస్సులోనే వెళ్తున్నాను.

రోడ్డు_కొలత

చర్చ ఇంతదూరం వచ్చింది కాబట్టి నా అభిప్రాయాన్ని దాచకుండా చెబుతాను. నేను వంతెనలకు వ్యతిరేకిని కాను. 46 కిలోమీటర్ల మెట్రో మొదటి దశ రావాలనే కోరుకుంటున్నాను. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా రైలు నడిస్తే మొదటి టపా రాసిన మిత్రుడి ప్రయాణమే మారిపోతుంది. కానీ అది పూర్తయ్యేదాకా ఏళ్ళు పడుతుంది. ఈలోపు చేయగలిగిన పనులను వంతెన పేరు చెప్పి వాయిదా వేయడాన్ని నేను ఒప్పుకోలేను.

మద్దిలపాలెం స్టాపునే తీసుకోండి. బస్సు ఆగేది సిగ్నల్‌కు ఆనుకుని. పచ్చదీపం పడ్డాక కూడా జనం ఎక్కుతూనే ఉంటారు, ఎడమ వరుస కదలదు, పక్కన ఆటోలు రెండో వరుసను మూస్తాయి. మూడు వరుసల్లో ఒక్కటే పనిచేస్తుంది. ఆ స్టాపును కూడలి దాటాక వంద మీటర్ల అవతలికి మార్చి, అక్కడే ఆటోలకు విడిగా చోటు గీస్తే, ఒక్క స్తంభం లేపకుండానే ఆ రెండు వరుసలూ తిరిగి దొరుకుతాయి. దీనికి కావలసింది రంగు, కొద్దిపాటి సిమెంటు, రెండు నెలలు అక్కడ నిలబడి చూసే మనిషి. వంతెనకు పెట్టే ఖర్చులో ఇది ఏ మూలకూ రాదు.

కంచరపాలెం_పాతకాపు

వంతెన కావాలన్న నా కోరిక మారలేదు. అయితే స్టాపు మార్చడానికి వంతెన దాకా ఆగనవసరం లేదన్న మాట నాకు బాగా నచ్చింది. వార్డు సచివాలయంలో అర్జీ ఇస్తే ఎంతవరకు పోతుంది?

రోడ్డు_కొలత

రోడ్డు జాతీయ రహదారుల శాఖది, స్టాపు నగరపాలక సంస్థది, బస్సు ఆర్టీసీది, సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది. నాలుగు చోట్లా ఒకే అర్జీ, ఒకే రోజు ఇవ్వాలి. ఒకచోటే ఇస్తే మిగతా మూడింటి వైపు చూపిస్తారు. అర్జీతోపాటు కొలతలు జతచేస్తే పక్కన పెట్టడం కష్టం.

కొమ్మాది_ప్రయాణికుడు

కొలతలు నేను తీస్తాను. వచ్చే సోమవారం నుంచి ఆరు రోజులు బండి ఇంట్లో పెట్టి, 222 నంబరు బస్సులో ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా, అక్కడి నుంచి 38లో గాజువాకకు వెళ్తాను. ప్రతి కూడలి దగ్గర బస్సు ఎంతసేపు ఆగిందో రాసి ఇక్కడ పెడతాను.

లారీ_చక్రం

శీలానగర్ దగ్గర పోర్టు బండ్లు ఏ వేళకు ఎక్కువగా చేరతాయో నేను మా సంఘంలో అడిగి రాసిస్తాను.

రోడ్డు_కొలత

చాలా సంతోషం. ఒక్క సూచన ఉంది. బస్సు ఆగిన సమయాన్ని రెండు గడుల్లో విడిగా రాయండి. జనం ఎక్కి దిగడానికి ఆగింది ఒకటి, సిగ్నల్ కోసం ఆగింది ఒకటి. రెండూ కలిపి రాస్తే స్టాపు తప్పెంతో, సిగ్నల్ తప్పెంతో తేలదు.

గాజువాక_నర్సమ్మ

38 ఎక్కేటప్పుడు మొదట వచ్చిన బస్సు కోసం తోసుకోకండి. వెనక ఇంకొకటి వస్తోందేమో రెండు నిమిషాలు చూడండి. రాసుకోవడానికి కూర్చునే చోటు దొరుకుతుంది.